అల్లం క్యాప్సూల్‌ను మందుగానే చూడాలి

చెన్నైలో ఏ నాట్టు మరుందు (నాటు మందుల) కొట్టుకు వెళ్ళినా శొంఠి కొమ్ములు సంచుల్లో కనిపిస్తాయి. అదే వీధిలోని మందుల షాపులో ఆ శొంఠి సారమే క్యాప్సూళ్ళ రూపంలో సీసాల్లో దొరుకుతుంది. శొంఠి లేని కషాయం లేదన్న సామెతతో పెరిగిన మన తెలుగిళ్ళవారికి ఈ రెండూ ఒకటేననిపించడం సహజమే గాని, వాటి మోతాదులో చాలా తేడా ఉంది.

పచ్చి అల్లంలో దాదాపు 80 శాతం నీరే కాబట్టి, ఒక గ్రాము శొంఠి పొడి సుమారు ఐదు గ్రాముల పచ్చి అల్లానికి సమానమవుతుంది. పైగా ఎండినప్పుడు అల్లంలోని జింజెరాల్ అనే కారపు పదార్థం కొంత షోగాల్ అనే మరింత ఘాటైన పదార్థంగా మారుతుంది, శొంఠికి అంత ఘాటు రావడానికి అదే కారణం. సారం తీసిన క్యాప్సూళ్ళలో ఈ పదార్థాలు మరింత చిక్కబడి ఉంటాయి. అందువల్ల సీసా మీద 250 మిల్లీగ్రాములని ఉంటే అది మామూలు పొడి బరువా, సారం బరువా అన్నది ముందు చూసుకోవాలి.

అల్లం ప్రయోజనాల్లో గట్టి ఆధారమున్నది వికారం విషయంలోనే. పేగుల్లో వాంతిని ప్రేరేపించే సెరొటోనిన్ గ్రాహకాలను అది కొంతమేర అడ్డుకుంటుంది. వేవిళ్ళతో బాధపడే గర్భిణులపై జరిగిన పరీక్షల్లో చాలావాటిలో రోజుకు ఒక గ్రాము పొడిని నాలుగు భాగాలుగా ఇచ్చారు. అయితే గైనకాలజిస్టుకు చెప్పకుండా ఆ పని చేయరాదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ పొందుతున్న 576 మందిపై అమెరికాలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వాంతులకు ఇచ్చే మామూలు మందులతో పాటు అల్లం కూడా ఇచ్చినప్పుడు మొదటిరోజు వికారం తగ్గింది. అందులో ఒకటిన్నర గ్రాముల కంటే అర గ్రాము, ఒక గ్రాము మోతాదులే ఎక్కువ మేలు చేశాయి. ఎక్కువ మింగితే ఎక్కువ గుణమనుకునేవారు దీనిని గమనించాలి.

బహిష్టు నొప్పికి కొంత ఉపశమనం కనిపించింది, మోకీళ్ళ అరుగుదలకు స్వల్పంగానే. బరువు తగ్గిస్తుందన్న ప్రచారాన్ని నేనైతే పట్టించుకోను.

గుండె కవాటం మార్పిడి జరిగిన మా పిన్ని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పికి అల్లం క్యాప్సూళ్ళు తెప్పించుకొని, "చారులో వేసుకునేదే గదమ్మా, దీనికి కూడా డాక్టరుగారిని అడగాలా?" అన్నారు. అడగాలనే చెప్పాను. ఆరోగ్యవంతులపై 2005లో జరిగిన ఒక చిన్న పరీక్షలో వార్ఫరిన్ మీద అల్లం ప్రభావం కనిపించలేదన్నది నిజమే. కాని రక్తం పలుచబడే మందులు వాడే కొందరిలో అల్లం తీసుకున్న తరువాత ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే పరీక్ష, పెరిగితే రక్తస్రావం ముప్పు) పెరిగిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కవాటం మార్చుకున్న మనిషి విషయంలో మొదటిదాన్ని పట్టుకొని రెండవదాన్ని విడిచిపెట్టలేము. డాక్టరుగారు క్యాప్సూళ్ళు మానిపించి, చారులోని అల్లానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికీ, పిత్తాశయంలో రాళ్ళున్నవారికీ, మధుమేహానికి మందులు వాడేవారికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. శస్త్రచికిత్స నిశ్చయమైతే ఎన్నాళ్ళ ముందు ఆపాలో మత్తు డాక్టరును అడగాలి. సాధారణంగా రెండు వారాలంటారు. ఏ జబ్బూ లేనివారికి సైతం మోతాదు పెరిగితే గుండెల్లో మంట, త్రేన్పులు, విరేచనాలు వస్తాయి కాబట్టి పరగడుపున కాక భోజనంతో వేసుకోవడం నయం.

కొనేటప్పుడు సీసాను తిప్పి చూడండి. ఆహార అనుబంధంగా అమ్మేదైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక ఉండాలి. ఆయుర్వేద మందుగా అమ్మేదైతే దాని తయారీ లైసెన్సు సంఖ్య వేరుగా ఉంటుంది. రెండూ లేని సీసా ఎంత చవకైనా కొనవద్దు, ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసానే వెంట తీసుకువెళ్ళి చూపించండి.