కప్పల గోల వెనక కథ

మొదటి గట్టి వాన పడిన రాత్రి టెక్కలి దగ్గర మా ఊళ్లో ఎవరికీ నిద్ర ఉండదు, అంతా కప్పల గోలే. మగ బోదురుకప్పలు పసుపు రాసిన పెళ్లికొడుకుల్లా మారిపోయి, గొంతు దగ్గర నీలం సంచులు ఉబ్బించి అరుస్తాయి. అదే మడిలో వేరే రకాల కప్పలూ అరుస్తున్నా, ఆడకప్ప తన రకం పిలుపు వైపే వెళ్తుంది. జాతుల మధ్య అడ్డుగోడ అంటే ఇదే.

కొండో నదో అడ్డొచ్చి విడిపోయిన గుంపులు వేల తరాలు ఎవరి దారిన అవి మారుతుంటే ఇలాంటి గోడలు వాటంతటవే లేస్తాయి, ఎవరూ ప్లాన్ చేయరు. మళ్లీ కలిసి పిల్లలు పుట్టినా, అవి గొడ్డుబోతే శ్రమంతా వృథా. గుర్రానికి 64 క్రోమోజోములు (కణాల్లో జన్యువులను మోసే పోగులు), గాడిదకు 62, ఆ రెంటికీ పుట్టే కంచరగాడిదకు 63, జతలు కుదరవు, అందుకే అది గొడ్డు. అందుకే సొంత రకాన్ని సరిగ్గా గుర్తుపట్టినవాటికే ఎక్కువ సంతానం మిగిలి, పిలుపుల్లో తేడా ఇంకా ముదురుతుంది.

ఇలా విడిపోతున్నవాటిలో నాకు బాగా నచ్చింది మాత్రం అమెరికాలోని ఒక ఈగ. హాథార్న్ అనే ముళ్లచెట్టు పళ్ల మీద బతికేది, 1800ల మధ్యలో కొన్ని ఆపిల్‌కి మారాయి. జతకట్టేది పండు మీదే, ఆపిల్ ముందే పండుతుంది, ఇక ముహూర్తాలెలా కలుస్తాయి? అయినా అప్పుడప్పుడూ కలుస్తూనే ఉన్నాయట.