కిరీటం పెట్టుకున్న పిల్లాడు

కృష్ణాష్టమి అయిపోయి వారం అయింది గానీ, ఆ రోజు కృష్ణుడి వేషం వేసిన ఒక పసివాణ్ణి మావాళ్ళు చూసిన తీరుకి నా మనసులో బాధ ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నా.

ఉదయ్‌పూర్ ఆస్థాన చిత్రకారుడు జైరామ్ 1736లో వేసిన బొమ్మ ఒకటుంది, మహారాణా రెండో జగత్‌సింగ్ రాసలీల నాటకం చూస్తున్న బొమ్మ. ఉదయ్‌పూర్‌ని ఏలిన మేవాడ్ రాణాలు, అసలు రాజు ఏకలింగేశ్వరుడే, అంటే శివుడే, మేం ఆయన తరఫున పాలించే దివాన్లం అనుకునేవాళ్ళు. 1672లో కృష్ణుడు శ్రీనాథ్‌జీ రూపంలో, బృందావనం ఉన్న వ్రజభూమి నుంచి వచ్చి ఉదయ్‌పూర్ దగ్గరి నాథద్వారాలో కొలువయ్యాక ఆ నేలంతా కృష్ణభక్తిలో తడిసిపోయింది. శివుడి దివాన్ కృష్ణుడి ఆట చూడటమేంటి అంటారా, ఆ శివుడే గోపిక వేషం కట్టి రాసానికి వెళ్ళి బృందావనంలో గోపేశ్వరుడై కూర్చోలేదూ!

నన్ను పట్టేసిన సంగతి వేరే. భాగవతం దశమస్కంధంలో 'తాసాం మధ్యే ద్వయోర్ద్వయోః' అన్నారు కదా, ఇద్దరిద్దరు గోపికల మధ్య ఒక్కో కృష్ణుడు, ప్రతి గోపికకీ స్వామి నా పక్కనే ఉన్నాడు అనిపించింది. ఉదయ్‌పూర్ చిత్రకారులకి ఒక పద్ధతి ఉంది, ఒకదాని తర్వాత ఒకటి జరిగినవన్నీ ఒకే కాగితం మీద వేసేస్తారు, అందుకని రాజు కూడా ఒకే బొమ్మలో రెండు మూడు చోట్ల కనిపిస్తుంటాడు. చదువుకున్నవాళ్ళు అది కథ చెప్పే టెక్నిక్ అంటారు, సరే, కాదనను. కానీ నాకేమనిపిస్తుందంటే, స్వామి అందరి పక్కనా ఉండటానికి అన్ని రూపాలెత్తాడు, భక్తుడికి ఆయన్ని చూడటానికే ఒక్క ఒళ్ళు చాల్లేదు. ఈ మాట అనుకున్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

బృందావనంలో ఒకసారి రాసలీల చూశా. కృష్ణుడూ రాధా అయ్యేది చిన్న మగపిల్లలే, వాళ్ళని వేషగాళ్ళు అనరు, స్వరూపాలు అంటారు. ముకుటం తల మీదకొచ్చాక ఆ పిల్లాడు సాక్షాత్తూ స్వామే, ముందు హారతిచ్చి తర్వాతే ఆట మొదలుపెడతారు. నా ముందు కూర్చున్న ముసలాయన మోకాళ్ళు పట్టుకుని కష్టపడి లేచి, ఎనిమిదేళ్ళు కూడా లేని ఆ పిల్లాడి కాళ్ళకి తల ఆనించి అలాగే ఉండిపోయాడు.

మరి మనం? మొన్న మా అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళ బాబుకి కృష్ణుడి వేషం వేశారు. కిరీటం ఎలాస్టిక్ గడ్డం కింద కోసుకుపోయి ఎర్రగా గీత పడింది, వాడేమో నిద్రొచ్చి ఏడుస్తున్నాడు, చుట్టూ పది ఫోన్లు, నవ్వు నాన్నా, ఫ్లూట్ పట్టుకో, ఇటు చూడు అని ఒకటే గోల. ఒక్కరన్నా చేతులు జోడించలేదు. వేషం వేశాక వాడు మీ అబ్బాయి కాదండీ, ఆ అరగంటా స్వామి, దయచేసి ముందు ఒక్క హారతివ్వండి, ఒక పువ్వు కాళ్ళ దగ్గర పెట్టండి, ఫోటో తర్వాత తీసుకోవచ్చు.

నేను వెళ్ళి ఆ ఎలాస్టిక్ వదులు చేసి, కింద కూర్చుని వాడి పాదాలు కళ్ళకద్దుకున్నా. ఏడుపు ఆపి నావైపు అలా చూశాడు. చేతిలో చిన్న కుండ, వెన్నకి బదులు దూది కూరారు అందులో. ఆ దూదే కాస్త తీసి నా అరచేతిలో పెట్టి, తిను అన్నాడు.

మా పూజగదిలో స్వామి పటం ముందు పెట్టుకున్నా దాన్ని.