పడగ్గదిలో ఆఫీసు, తద్దినం రోజు తనిఖీ

నిన్న సాయంత్రం జీఎస్టీ సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చింది. ఒళ్లు మంట ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసేస్తే నయం, నాలుగు రోజులు పోతే "పోన్లే, అందరికీ మామూలే" అని నేనే అనేస్తాను.

మాది బెజవాడ. పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లోనే డిజైనింగ్ చేసుకుంటున్నాను. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, షాపుల లోగోలు, విజిటింగ్ కార్డులు. పడగ్గదిలో కిటికీ పక్కన ఓ బల్ల, సిస్టమ్, డ్రాయింగ్ టాబ్లెట్, రంగులు చూసుకోవడానికి చిన్న ప్రింటరు. ప్రింటింగంతా బయట ప్రెస్సులోనే. సర్వీసు చేసేవాళ్లకి ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. నాది అందులో సగానికి కూడా రాదు కాబట్టి ఇన్నేళ్లూ ఆ జోలికి పోలేదు.

ఈ ఏడాది శుక్రమూఢం మాఘమాసాన్ని మింగేసింది. ముహూర్తాలు లేకపోతే శుభలేఖలూ లేవు. ఖాళీగా ఉన్నప్పుడు ఓ పచ్చళ్ల కంపెనీ వాళ్లు సీసాల లేబుళ్లన్నీ కొత్తగా చేయించాలని వచ్చారు. ఆవకాయ, గోంగూర, పండుమిరప, ఒక్కోటి మూడు సైజులు. రేటు కుదిరింది, శాంపిల్ నచ్చింది. తీరా వాళ్ల అకౌంట్స్ ఆయన "జీఎస్టీ బిల్లు ఇస్తేనే మేడమ్, లేకపోతే వెండర్‌గా ఎక్కించడం కుదరదు" అన్నాడు. సరే, స్వచ్ఛందంగానైనా తీసుకోవచ్చు కదా అని దిగాను.

చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నాకు ఇదివరకే ఉంది. అది ఆధార్ నంబరుతో కూర్చున్నచోటే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైట్లున్నాయి, వాటి జోలికి పోకండి. కరెంటు అకౌంటు కూడా సులువుగానే అయింది.

ఇల్లు మామగారి పేరు మీద ఉంది. అందుకని ఆయన సమ్మతి పత్రం కావాలి. రెండు పూటలు పట్టింది ఒప్పించడానికి. ఆయన భయం ఒక్కటే: రేపు కరెంటు మీటరు కమర్షియల్‌కి మార్చేస్తారేమో, ఇంటిపన్ను పెంచేస్తారేమో. "నువ్వు బొమ్మలేసుకోవడానికి నా ఇంటి కాగితాలు ఎందుకమ్మాయ్?" అన్నారు. బొమ్మలు! పాప స్కూలు ఫీజు ఆ బొమ్మల్లోంచే కడుతున్నానని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా ట్యాక్స్ కన్సల్టెంటు స్టాంపు పేపరు, నోటరీ అని ఓ పెద్ద తతంగం చేయించాడు. తర్వాత తెలిసింది, బంధువుల ఇల్లయితే మామూలు తెల్లకాగితం మీద సమ్మతి, వాళ్ల గుర్తింపు కార్డు, ఇంటిపన్ను రసీదో కరెంటు బిల్లో ఒకటి చాలట.

దరఖాస్తు వేశాక బయోమెట్రిక్‌కి పిలుపొచ్చింది. స్లాట్ బుక్ చేసుకుని, ఒరిజినల్స్ పట్టుకెళ్లి జీఎస్టీ సువిధా కేంద్రంలో వేలిముద్రలు వేసి వచ్చాను. అక్కడి అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. అంతటితో గండం గడిచిందనుకున్నాను.

ఆ వారంలోనే మా తాతమామగారి తద్దినం. మా ఇంట్లో ఆబ్దికం అంటే తెలిసిందే, తెల్లవారుజామున తలస్నానం, మడి చీర, భోక్తల విస్తళ్లు లేచేదాకా బయటివాళ్ల నీడ పడకూడదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి కాబట్టి గారెలూ పరమాన్నం నా మీదే. పొయ్యి మీద నూనె కాగుతోంది, లోపల మంత్రం సాగుతోంది, అప్పుడు ఫోను. గట్టు మీద పెట్టిన ఫోనుని పాప స్పీకర్‌లో పెట్టింది. "జీఎస్టీ వెరిఫికేషన్ అమ్మా, మీ వీధిలోనే ఉన్నాం."

ముందురోజు ఒక్క ముక్క చెప్పలేదు. మధ్యాహ్నం మూడు తర్వాత రండి సార్, ఇంట్లో కార్యక్రమం ఉంది అన్నాను. "మేము మళ్లీ మళ్లీ రాలేం, తలుపు తియ్యకపోతే ప్రెమిసెస్ క్లోజ్డ్ అని రాసేస్తాం" అన్నాడాయన. ఇంక చేసేదేముంది, పొయ్యి కట్టేసి వచ్చాను.

ఇద్దరొచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు గుమ్మంలోనే నిలబడి అటూ ఇటూ చూసి, "షాపేది?" అన్నారు. షాపు కాదండీ, డిజైనింగ్, లోపల గదిలో చేస్తాను అన్నాను. "బోర్డేది?" నంబరే రాకుండా బోర్డు మీద ఏం రాయమంటారో నాకు అర్థం కాలేదు. "ఓనరెవరు?" నేనే అన్నాను. నన్ను పైనుంచి కిందకి చూశారు. మడికట్టు, ముడేసిన తడి జుట్టు, చేతులకి మినప్పిండి. "మీవారిని పిలవండమ్మా, ఆయనతో మాట్లాడతాం" అన్నారు.

ఆయన లోపల వాళ్ల నాన్నగారి పక్కన పీట మీద ఉన్నారు. పిలిచే వీల్లేదు. పిలవగలిగినా పిలిచేదాన్ని కాదు.

గదిలోకి తీసుకెళ్లాను. బల్లని ఫొటో తీశారు, పక్కనే ఉన్న మంచాన్ని, మంచం మీద మడతపెట్టని బట్టల్ని కూడా వదల్లేదు. "సిస్టమ్ ఆన్ చేసి మీరు చేసిన పని చూపించండి." ఇక్కడే అసలు చిక్కు. మడితో మౌస్ ముట్టుకుంటే మళ్లీ స్నానం చేసి వంట మొదటికి రావాలి. లోపల భోక్తలు విస్తళ్ల ముందు కూర్చోబోతున్నారు. ఈ సంగతి ఇద్దరు మగవాళ్లకి నిలబడి వివరించాల్సి రావడం ఎంత చచ్చే చావో చేసినవాళ్లకే తెలుస్తుంది. పాపని పిలిచాను. ఏడో తరగతి పిల్ల, చకచకా కోరెల్ డ్రా తెరిచి గోంగూర లేబులు ఫైలు పెట్టింది. రెండో ఆయన నవ్వుతూ, "అయితే పని పాప చేస్తుందన్నమాట. చైల్డ్ లేబర్ కేసు అవుతుందమ్మోయ్" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పాప నా వైపు చూసింది. ఆ పిల్ల ముందు నేను ఏమీ అనలేక నిలబడ్డాను చూడండి, దానికే నిన్నటిదాకా నిద్ర పట్టలేదు.

వెళ్తూ వెళ్తూ సలహా ఒకటి: "ఇంట్లో కూర్చుని చేసుకునేదానికి ఈ గొడవలన్నీ ఎందుకమ్మా? సార్ పేరు మీద పెట్టుకోండి, తేలిగ్గా అయిపోతుంది." సార్ గారికి ఏ రంగు సీసా మీద ఎలా తేలుతుందో తెలీదు. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు మేటరు డీటీపీలో వాడే "అను" అనే పాత ఫాంట్లోకి పెడితే పిచ్చి గీతలైపోతుంది. అప్పుడు కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ మొత్తం మళ్లీ టైపు కొట్టేది నేను. శుభలేఖలో కీ.శే. ఎవరి పేరు ముందు రావాలో, ఎవరి పేరు ముందు పొరపాటున పడితే కొంపలంటుకుంటాయో చూసుకునేదీ నేనే.

ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. మా ఆయన తద్దినానికి సెలవు పెడితే ఆఫీసు నుంచి ఒక్క ఫోను రాదు, పద్ధతి గల మనిషి అంటారు. అదే రోజు నా పనికి సెలవుందని ఎవరికీ తోచదు. బయటివాళ్లకి నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను కాబట్టి ఎప్పుడైనా రావచ్చు. ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ సిస్టమ్ ముందే ఉంటాను కాబట్టి ఎప్పుడైనా లేపచ్చు. బంధువులైతే మరీను. "మనమ్మాయే కదా" అని ఉచితంగా కార్డు వేయించుకుని, ప్రెస్సువాడికి మాత్రం వేలకి వేలు నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. బంధువులకి ఉచితం మానెయ్యండి, నేను మానేశాను. ఇద్దరు మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

తర్వాత నోటీసు వచ్చింది, రెగ్-03 అనే ఫారంలో. ప్రాంగణం నివాస గృహం, ఈ వ్యాపారానికి అనువుగా లేదు, వివరణ ఇవ్వండి అని. కన్సల్టెంటు వెంటనే, "ఓ షాపు మూడు నెలలకి అద్దె అగ్రిమెంటు రాయిస్తాను మేడమ్, నాకు తెలిసినవాళ్లున్నారు" అన్నాడు. లేని షాపుని ఉన్నట్టు రాయించడానికి నేను సిద్ధంగా లేను. పాప పడుకున్నాక సర్క్యులర్లు వెతికాను. 2025 ఏప్రిల్ 17న సీబీఐసీ, అంటే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు, ఇచ్చిన ఆదేశం దొరికింది. ఫలానా పని ఫలానా చోట చెయ్యడం కుదరదు లాంటి ఊహలతో ప్రశ్నలు వెయ్యొద్దని వాళ్ల అధికారులకి వాళ్లే రాసుకున్నారు. నా ఫైలు రాష్ట్రం వైపు కాక సెంట్రల్ అధికారుల వైపే పడింది కాబట్టి ఆ కాగితం నాకు సరిగ్గా అతికింది. ఏడు పనిదినాల్లో రెగ్-04లో జవాబివ్వాలి. నేనే రాశాను: డిజైన్ సేవలు, కోడు 998391, దీనికి కావాల్సింది బల్ల, కంప్యూటరు, కరెంటు, మూడూ ఉన్నాయి, ఫొటోల్లో మీరే తీసుకున్నారు అని. ఆదేశం నంబరు, తేదీ పెట్టాను. చివరి వాక్యం కాస్త ఘాటుగా పడింది, తియ్యలేదు. అదే పాసైంది.

ఇప్పుడు అసలు కడుపుమంట. 2025 నవంబరు 1 నుంచి రూల్ 14ఏ అని ఒకటి ఉంది. జీఎస్టీలో రిజిస్టరైన కొనుగోలుదారులకి చేసే పని మీద నెలకి 2.5 లక్షల లోపు పన్ను పడే చిన్నవాళ్లు ఫారంలో దానికి అవును అని టిక్ పెట్టి, ఆధార్ ధ్రువీకరణ పూర్తి చేస్తే మూడు పనిదినాల్లో నంబరు వస్తుంది. నెలకి అంత పన్ను కట్టాలంటే నేను ఎన్ని పచ్చడి సీసాలకి లేబుళ్లు వెయ్యాలి! మా కన్సల్టెంటు ఆ టిక్ పెట్టలేదు. అడిగితే, "అది కొత్తది మేడమ్, మేము వాడం" అన్నాడు. మూడు వేలు తీసుకున్నాడు. పోర్టల్లో ఈ దరఖాస్తుకి ఫీజే లేదు. కాబట్టి మీరు వెయ్యదలిస్తే ఫారం మీరే కూర్చుని నింపండి, ఇంగ్లీషు చదవడం వస్తే చాలు. నంబరు వచ్చాక మాత్రం బిల్లు లేని నెలైనా రిటర్ను వెయ్యాలి. నిల్ రిటర్ను ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు పడుతుంది. నిల్ 3బీ (పన్ను లెక్క చూపే రిటర్ను) అయితే 14409కి ఎస్ఎంఎస్ కొట్టినా సరిపోతుంది.

పచ్చళ్ల కంపెనీకి ఇవాళ పొద్దున్నే మొదటి బిల్లు పంపాను, 18 శాతం వేసి. మామగారు సర్టిఫికెట్ మీద తన ఇంటి నంబరు సరిగ్గా పడిందో లేదో కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసుకున్నారు. మధ్యాహ్నం కన్సల్టెంటు నుంచి మెసేజ్: "కంగ్రాట్స్ మేడమ్, నెలకి వెయ్యి ఇస్తే రిటర్నులు మేమే చూసుకుంటాం." నీలం టిక్కులు పడేలా చదివి, అలాగే వదిలేశాను.