అమ్మమ్మ ఎలుగు నిద్రపోదు

అక్టోబరు మధ్యలో మిన్నెసోటా ఉత్తరాన ఈలీ అనే చిన్న ఊరికి వెళ్ళాం. మినియాపోలిస్ నుంచి కారులో దాదాపు 4 గంటలు. అక్కడి నార్త్ అమెరికన్ బేర్ సెంటర్‌లో మనుషుల చేతుల్లో పెరిగిన నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. మావాడికి 6 ఏళ్ళు. స్కూల్లో హైబర్నేషన్ పాఠం, అంటే ఎలుగులు చలికాలమంతా పడుకునే సంగతి, అయినప్పటి నుంచి మమ్మల్ని కూర్చోనివ్వలేదు.

మేం చూసిన ఎలుగు చలికాలం పక్క వేసుకునే పనిలో ఉంది. ముందుకాళ్ళతో ఎండుగడ్డిని పొట్ట కిందికి లాక్కోవడం, రెండడుగులు వెనక్కి వేయడం, మళ్ళీ లాక్కోవడం. అలా వెనక్కి వెనక్కి నడుస్తూ గడ్డంతా డెన్‌లోకి చేరేసింది. మధ్యలో ఒకసారి ఆగి మావైపు చూసింది, ఇల్లు ఊడుస్తుంటే ఎవరో పిలిచినట్టు. అడవిలో అయితే కూలిన చెట్టు వేళ్ళ కిందో, తొర్రలోనో ఆకులూ గడ్డీ పోగేసుకుంటుంది. దీనికి డెన్ కట్టిచ్చింది, గడ్డి తెచ్చిపెట్టింది మనుషులే. పక్క వేసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత నెలల తరబడి తిండి లేదు, నీళ్ళు లేవు. గుండె నిమిషానికి 8, 10 సార్లకు పడిపోతుంది. ఒంటి వేడి మాత్రం కొన్ని డిగ్రీలే తగ్గుతుంది. ఒంట్లో తయారై మూత్రంలో పోవాల్సిన యూరియాని మళ్ళీ ప్రొటీన్‌గా మార్చుకుంటుంది కాబట్టి కండ కరిగిపోదు. మావాడికి ఇవేవీ పట్టలేదు. అన్ని నెలలు బాత్రూంకి వెళ్ళదన్న ఒక్క ముక్క పట్టుకుని ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

వచ్చిన మర్నాడే వాడి బట్టల క్లోజెట్ డెన్ అయిపోయింది. పాత చీరలతో మా అమ్మ కుట్టి పంపిన బొంతని ఈడ్చుకుంటూ, వెనక్కి నడుచుకుంటూ లోపలికి దూరాడు. డెన్‌ని తెలుగులో ఏమంటారని అడిగాడు. గుహ అందామంటే కొండా రాళ్ళూ గుర్తొస్తాయి, బొరియ అంటే ఎలక. డెన్ అనే ఉండనిచ్చాను.

నాగుల చవితి అయిన మర్నాడు అమ్మకి వీడియో కాల్ చేశాం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. వాడు క్లోజెట్‌లోంచే తన పాఠమంతా అప్పజెప్పాడు. అమ్మ శ్రద్ధగా విని, "నెలల తరబడి తిండీ నీళ్ళూ నేకుండానా? ఏటే, దానికి ఒంట్లో బాగోనేదేటి?" అని నన్నడిగింది. తర్వాత తన కబురు చెప్పింది. పుట్టలో పాలు పోద్దామని వెళ్తే పుట్ట లేదట. "రాత్రే ఎలుగు తవ్వీసి పోనాది."

మావాడు ఫోన్ దగ్గరగా లాక్కుని, చలికాలం వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు పడుకోలేదని అడిగాడు. అక్కడి ఎలుగు అలా పడుకోదని నేను చెప్పాను.

"అయితే అది రియల్ బేర్ కాదు."

ఆరేళ్ళ పిల్లాడి మాటకి అంత గుచ్చుకోవాలా అంటే, గుచ్చుకుంది. తెల్లవారకముందు జీడితోట వైపు వెళ్ళనివ్వకుండా పెంచారు మమ్మల్ని. ఎలుగు దాడుల్లో ప్రాణాలు పోయిన ఊళ్ళున్నాయి మా వైపు. ఆ భయంతో పెరిగినదాన్ని, దాని తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

మంచు లేదు, ఏడాది పొడుగునా ఏదో ఒక తిండి దొరుకుతుంది, ఎందుకు పడుకోవాలి అన్నాను. వాడు వినలేదు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుందన్నాను. కాస్త విన్నాడు. ఇక చివరి అస్త్రం తీశాను.

"దానికి పైపళ్ళలో మధ్య రెండూ ఉండవు నాన్నా. ఆ సందులోంచి చెదపురుగుల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి వినిపిస్తుంది."

వాడి నాలుక మెల్లగా పైచిగురు మీదికి వెళ్ళింది. సెప్టెంబరులో ఒకటి, హాలోవీన్ ముందు ఒకటి ఊడాయి, సరిగ్గా ఆ రెండే. ఫోన్లో అమ్మ కూడా ఆ నోరు చూసి, "అచ్చం అదే!" అని పకపకా నవ్వింది.

సాయంత్రమంతా బొంత మీద మరమరాలు పోసుకుని చేతులు పెట్టకుండా జుర్రుతూనే ఉన్నాడు. చప్పుడు కింద వంటింట్లోకి వినిపించింది. ఎనిమిదిన్నరకి లైటు ఆర్పి పడుకోమంటే క్లోజెట్‌లోంచి జవాబొచ్చింది.

"నేను అమ్మమ్మ ఎలుగుని. నేను పడుకోను."