బాల్కనీ ట్యూబులైటు నుంచి మన్ననూరు దాకా

నల్గొండలో మేముండే అపార్ట్‌మెంటు వాటర్ ట్యాంకుకు ఒక పెద్ద తేనెపట్టు వేలాడుతూ ఉంటుంది. దానివల్ల మాకెవరికీ ఇంతవరకు అపాయం జరగలేదు. కానీ కొన్ని రోజులు పొద్దున లేచి బాల్కనీ ఊడుస్తుంటే ట్యూబులైటు కింద ఐదారు తేనెటీగలు చచ్చి పడి ఉంటాయి. ఒక్కోసారి పది. మర్నాడు ఒక్కటీ ఉండదు.

మా తమ్ముడికి గుర్రంపోడు దగ్గర తేనె పెట్టెలున్నాయి. వాడినడిగితే, "పొద్దుగూకినంక ఈగ పెట్టె దాటదక్కా. దానికి రాత్రి కండ్లు కనవడయి" అన్నాడు.

"మరి మా బాల్కనీల సచ్చేటియి ఎవరివిరా?"

"అవి పిచ్చి ఈగలు."

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొద్దింక కన్ను గీసి, షట్కోణాలు నింపి, "ఒక్కో కంటికి 2,000 నేత్రాంశాలు" (కంటిలోని చిన్న చిన్న గదులు) అని బట్టీ కొట్టిస్తున్నదాన్ని. పిచ్చి ఈగలు అనే జవాబుకు నా దగ్గర మార్కులు పడవు. అందుకే మార్చిలో, కాముని పున్నానికి రెండు రోజుల ముందు, బత్తాయి పూత అయిపోయి వాడు పెట్టెల్ని అచ్చంపేట వైపు పొద్దుతిరుగుడు చేనుకు మారుస్తున్నానంటే నేనూ వస్తానన్నాను. "రాత్రంతా ప్రయాణం, నీతోని కాదు" అన్నాడు. మా ఆయన మాత్రం పోయి రమ్మన్నాడు. బాల్కనీ గురించి విని విని విసిగిపోయి ఉంటాడు.

పెట్టెలు మార్చేది ఎప్పుడైనా రాత్రే. పగలు మారిస్తే మేతకు పోయిన ఈగలు తిరిగొచ్చి, పెట్టె లేని చోట గుంపుగా తిరుగుతూ ఆగమైపోతాయి. మేం తోటకు చేరేసరికి సూర్యుడు దిగిపోయాడు. ఆకాశం ఎర్రగానే ఉంది. ఆఖరి ఈగలు వచ్చి వాలుతున్నాయి. మధ్యాహ్నం అయితే బాణంలా వచ్చి నేరుగా ద్వారంలోకి దూరతాయి. ఈ వేళ వచ్చేవి మాత్రం పెట్టె ముందు తడబడి, పక్క పెట్టె చెక్కను తాకి, కింద గడ్డిలో పడి, నడుచుకుంటూ పైకి ఎక్కుతున్నాయి. వెలుతురు తగ్గేకొద్దీ వాటి చూపు ఎలా అడుగంటుతుందో అక్కడ నిలబడితే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. నేను పావుగంట కదల్లేదు. తమ్ముడు ఒకటే సతాయింపు, "అక్కా, తాళ్లు అందియ్యరాదె."

పూర్తిగా చీకటి పడ్డాక ద్వారాలకు జాలీలు కొట్టడం మొదలుపెట్టాడు. నేను సాయం చేద్దామని సెల్‌ఫోన్ టార్చి వేశాను. అదీ నేను చేసిన తప్పు. ద్వారం ముందు గుంపుగా ఉన్న ఈగలు వెలుగు వైపు మళ్లాయి. ఒకటి లేచి సూటిగా నా కళ్లద్దాలకు కొట్టుకుంది, ఇంకోటి మణికట్టు మీద కుట్టింది.

"బంద్ చెయ్యి! బంద్ చెయ్యి!"

వాడు జేబులోంచి మడిచిన ఎర్ర కవరు తీసి ఫోను చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. మళ్లీ వేస్తే చెట్లూ పెట్టెలూ అన్నీ ఎర్రగా, నాకు బాగానే కనబడుతున్నాయి. ఈగల్లో మాత్రం చలనం లేదు. తేనెటీగకు అతినీలలోహితం కనబడుతుంది, నీలం కనబడుతుంది, ఆకుపచ్చ కనబడుతుంది. ఎరుపు దానికి చీకటితో సమానం. ఈ మాట నేనూ పిల్లలకు చెప్పాను, పరీక్షల్లో రెండు మార్కులకు. ఎర్ర కవరు మాత్రం వాడి జేబులో ఉంది.

ఎగరలేవు కదా అని నేను ధీమాగా పెట్టెల మధ్య తిరుగుతుంటే పిక్క మీద చురుక్కుమంది. పైజామాలోపల! చీకట్లో ఈగ ఎగరదు, నడుస్తుంది. నడుస్తూ ఏది దొరికితే దాని మీదికి ఎక్కుతుంది. తమ్ముడి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి ఎందుకు దూరి ఉన్నాయో అప్పుడు అర్థమైంది. ముందే చెప్పొచ్చుగా అంటే నవ్వాడు. చిన్నప్పటి నుంచీ అంతే వాడు.

తొమ్మిదింటికి బండి కదిలింది. వెనక నలభై రెండు పెట్టెలు, ముందు మేం ముగ్గురం. కొండమల్లేపల్లి దాటేసరికి క్యాబిన్‌లో జుంయ్‌మని ఒక ఈగ. డ్రైవర్ గాభరాగా లోపలి లైటు వేశాడు. అది నేరుగా వెళ్లి బల్బుకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. "ఆపండి" అన్నాను. లైటు ఆపగానే జుంయ్‌కారం తెగిపోయింది. ఫోను ఎర్రవెలుగులో చూస్తే డాష్‌బోర్డు మీద పడి, రెక్కలు సర్దుకుని నడుస్తోంది. మళ్లీ లైటు వేయించాను. లేచింది. ఆపించాను. పడింది. మూడోసారి అడిగితే డ్రైవర్ దండం పెట్టాడు, "మేడం, నాకు పెండ్లాం పిల్లలున్నరు."

దేవరకొండ నుంచి డిండి వరకు తమ్ముడికి క్లాసు చెప్పాను, వాడు వినకపోయినా. కూలి ఈగ ఒక్కో కంటిలో సుమారు 5,000 నేత్రాంశాలు. బొద్దింక కంటె రెట్టింపు పైనే. అయినా రాత్రి వంటింట్లో రాజ్యం బొద్దింకది, ఈగది కాదు. లెక్క ఎక్కువైనంత మాత్రాన చీకట్లో చూపు రాదు. ఈగ కంటిలో ఒక్కో కటకం వెడల్పు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత సన్న కిటికీలోంచి వచ్చే వెలుగు దాని కింది గదికే పోతుంది, పక్క గదికి అప్పు ఇవ్వదు. ఎండలో ఆ ఏర్పాటు మహా చక్కగా పనిచేస్తుంది, ఏ పువ్వు ఎక్కడో తేటగా తెలుస్తుంది. రాత్రి దీపం చుట్టూ తిరిగే పురుగుల్లో చాలా వాటి కళ్లు అలా కాదు, వందల కిటికీల వెలుగును ఒకే చోటికి పోగుచేసుకుంటాయి.

"మరి పెట్టెల లోపల సుత చీకటే గదా, అండ్లెట్ల పని చేస్తయి?" అన్నాడు వాడు ఉన్నట్టుండి. వినడం లేదనుకున్నాను.

మంచి ప్రశ్న. పెట్టెలో చీకటి వాటికి పుట్టినప్పటినుంచీ అలవాటే. మైనం గదులు కట్టడం, పిల్లలకు మేత పెట్టడం అన్నీ తడిమి, వాసన చూసి. మేత దొరికిన ఈగ తోటి ఈగలకు దారి చెప్పే నాట్యం కూడా ఆ చీకట్లోనే. నిలువుగా ఉన్న పట్టు మీద పైకి నడిస్తే సూర్యుడి దిక్కు అని, ఎంత కోణం పక్కకు వంగితే అంత కోణం సూర్యుడి పక్కకు అని. చుట్టూ చేరినవి చూసి కాదు, మీసాలతో తాకి నేర్చుకుంటాయి. ఈ భాషను విప్పిచెప్పిన కార్ల్ ఫన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. చీకట్లో బతకడం ఈగకు కొత్త కాదు, చీకట్లో ఎగరడమే దానికి రాదు.

డిండి దగ్గర టీకి ఆగాం. చెరువు నీళ్ల మీద వెన్నెల పరుచుకుని ఉంది. బండి ఇంజను ఆపితే వెనక పెట్టెల్లోంచి ఒక హోరు. ఉక్కబోతకు వేలకొద్దీ రెక్కలు విసురుకుంటున్న చప్పుడు. తమ్ముడు చెవి ఆనించి విని తల ఊపాడు. పెట్టెలు నిద్రపోవడం లేదని మాత్రం నాకూ తెలిసింది.

అచ్చంపేటకు ఇవతల చేనులో దించేసరికి ఒంటిగంట. జాలీలు తీశాడు. నేను ఎదురుచూసిన ఘడియ అదే. అంత వెన్నెల! చేతి గీతలు కనబడుతున్నాయి, విరబూసిన పొద్దుతిరుగుడు పూలు వరుసలుగా కనబడుతున్నాయి. ఈగలు బిలబిలమని బయటికొచ్చాయి, ముందు చెక్క మీద, పెట్టె గోడల మీద గడ్డంలా కమ్ముకున్నాయి. గంటసేపు చూశాను. ఒక్కటి ఎగరలేదు. తమ్ముడి పెట్టెల్లోవి ఇటాలియన్ ఈగలు, వాటి కంటికి ఆ వెన్నెల చాలదు. తెల్లవారుజామున తూరుపు పాలిపోగానే మొదటిది లేచింది. పోవడం కూడా తిన్నగా పోలేదు. వెనక్కి తిరిగి పెట్టెకు మొహం పెట్టి, అటూ ఇటూ ఊగుతూ కొత్త ఇంటి ఆనవాళ్లు గుర్తుపెట్టుకుని అప్పుడు పోయింది.

తమ్ముడు మీసం దువ్వాడు, "నేను జెప్పలే?"

వాడి ఈగల సంగతి తేలింది. నా బాల్కనీ ఈగల సంగతి తేలలేదు. పగలంతా పడుకుని, సాయంత్రం ఇద్దరం బస్సెక్కి మన్ననూరు పోయాం. అమ్రాబాద్ పులుల అడవికి వాకిలి ఆ ఊరు. రాత్రి తొమ్మిదికి శ్రీశైలం రోడ్డు గేటు వేస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు. లోపలికి పోవాలని నాకూ లేదు. దారిలో ఒక మద్దిచెట్టుకు పది పన్నెండు పెరలు వేలాడుతుండగా బస్సులోంచి చూశాను, మా ట్యాంకు పట్టులాంటివే, కొండ ఈగలవి. ఒక్కో ఈగ పెట్టె ఈగకు ఒకటిన్నర రెట్లు. పెట్టె ఉండదు, తొర్ర ఉండదు. ఒకే ఒక్క పట్టు, దాని మీద ఈగల దుప్పటి, పైన ఆకాశం.

గేటుకు ఇవతల చిన్న హోటల్లో జొన్నరొట్టె తిన్నాం. మా బల్ల దగ్గరే ఒక చెంచు పెద్దాయన చాయ్ తాగుతున్నాడు. తమ్ముడు తేనె మాట ఎత్తాడు, ఇంక ఇద్దరికీ కులం కలిసినట్టే. నేను అడిగాను, "తాతా, మీరు తేనె రాత్రి తీస్తరంట గదా, ఈగలకు కండ్లు కనవడయనేనా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ రాత్రమ్మా? ఎన్నెల రాత్రా, అమాస రాత్రా?"

నేను నోరు తెరిచాను.

"ఎన్నెలుంటె పెర దిక్కు పోం. లేస్తయవి. ఎంటవడి కుడతయి. అమాస దినాలల్ల పోతం, పొగ వెట్టి దించుతం. అప్పుడు ఎటు పోవాలెనో వాటికి తెల్వదు."

కొండకొమ్ముకు తాడు కట్టి దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అని కూడా చెప్పాడు. అక్కచెల్లెలి పసుపుకుంకుమల కోసమైనా వాడు తాడు వదలడని. తమ్ముడు నా వైపు తిరిగి, "బావను దించుదామా అక్కా, తాడు నేను పట్టుకుంట" అన్నాడు. పెద్దాయన పగలబడి నవ్వాడు. మా ఆయన నల్గొండలో పొలమారి ఉంటాడు.

"ఎన్నెల్ల మేతకు గూడ పోతయా తాతా?"

ఆయన మాట్లాడలేదు. చాయ్ గ్లాసు పెట్టి లేచి, హోటలు వెనకకు రమ్మని చెయ్యి ఊపాడు. అక్కడ విరగబూసిన మునగచెట్టు. చంద్రుడు బాగా పైకి వచ్చాడు. పూలు తెల్లగా, కొమ్మల నిండా. మొదట ఏమీ కనబడలేదు, వినబడింది. చెట్టంతా సన్నగా మోగుతోంది. మెడలు నొప్పిపుట్టేలా చూస్తే, చంద్రుడికి అడ్డంగా వచ్చినప్పుడల్లా ఒక్కో ఈగ నల్లటి చుక్కలా తెలుస్తోంది. రాత్రి ఎనిమిదిన్నర. పట్టపగలు పనిచేసుకున్నట్టు పనిచేసుకుంటున్నాయి. తమ్ముడు "అబ్బో" అని ఊరుకున్నాడు. వాడి మీసం దువ్వుడు అక్కడితో ఆగింది.

ఇంటికొచ్చాక చదివాను. ఫ్రెడ్ డయర్ అనే శాస్త్రవేత్త 1985లోనే రాశాడు. ఈ కొండ ఈగలు చంద్రుడు కనీసం సగమైనా ఉన్న రాత్రుల్లో మేతకు పోతాయట. పెద్దాయన లెక్క కూడా అదేగా. తిరిగొచ్చి పట్టు మీద ఆడే నాట్యంలో మాత్రం చంద్రుడి దిక్కు చెప్పవు. సూర్యుడి దిక్కే చెప్తాయి. అప్పుడు సూర్యుడు మన కాళ్ల కింద, నేలకు అవతల ఉంటాడు. అయినా ఆ ఘడియకు ఎక్కడుండాలో లెక్క కట్టి దాన్నిబట్టి దారి చెప్పుకుంటాయి. ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

వెన్నెల కూడా అక్కర్లేని జాతి ఒకటుంది, అది తుమ్మెద. మహారాష్ట్ర భీమశంకర్ అడవుల్లో ఉండే ఒక పెద్ద తుమ్మెద నక్షత్రాల వెలుగులో రంగులు కూడా గుర్తుపడుతుందని హేమా సోమనాథన్ బృందం 2008లో చూపించింది. మన పద్యాల్లో తుమ్మెదలు పొద్దుగూకే వేళ తామరలో చిక్కుకుని తెల్లారేదాకా బెంగపడతాయి. ఈ తుమ్మెదను ఆ కవులకు ఎవరూ చూపించినట్టు లేరు.

బాల్కనీ చిక్కు కూడా అక్కడే విడింది. పెట్టె ఈగ రాత్రి ఇల్లు దాటదు కనుక దీపం దాని ప్రాణానికి రాదు. కొండ ఈగ దాటుతుంది. దాటినదానికి మా ట్యూబులైటు చంద్రుడికంటె దగ్గర, చంద్రుడికంటె వెలుగు. చుట్టూ తిరిగి తిరిగి అలిసి కింద పడుతుంది.

పున్నం నాడు సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆ రాత్రి బాల్కనీ లైటు వేయలేదు. పొద్దున చీపురు పట్టుకుని వెళ్తే మా బాల్కనీలో ఒక్కటీ లేదు. కింది అంతస్తు ఆవిడ తన బాల్కనీలోంచి తల పైకెత్తి అడిగింది, "మేడం, ఏందిది, ఇయ్యాల ఈగలన్నీ మా ఇంట్ల వడ్డయి?"