కరాగే చేయబోతే చికెన్ పకోడీ అయింది

టోక్యోలో నేనుండేది నిషికసాయ్. ఈ చుట్టుపక్కల మనదేశం వాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి కందిపప్పుకీ, కారానికీ, శనగపిండికీ లోటుండదు. నా కరాగే చెడిపోవడానికి సగం కారణం అదే అనుకుంటా.

కరాగే అంటే జపాన్ వాళ్ళ వేయించిన చికెన్. కొంబినిలో, అదే ఇరవై నాలుగు గంటలూ తెరిచుండే చిన్న షాపుల్లో, బిల్లు కట్టేచోట వేడి గాజుపెట్టెలో కనిపిస్తూ ఉంటుంది. పేరు వినగానే కారంగా ఉంటుందనుకున్నాను, పైగా జపనీస్‌లో కారంగా ఉందనడానికి 'కరాయ్' అంటారు, దాంతో అనుమానమే లేకుండా పోయింది. తీరా కొరికితే కారం జాడే లేదు. సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, అంతే. కానీ లోపల ఆ రసం, పైన ఆ కరకర! ఇంట్లో చేసి తీరాల్సిందే అనిపించింది.

మొదటిసారి చేసినప్పుడు చెయ్యి నా మాట వినలేదు. చిటికెడు పసుపు వేస్తే ఏమవుతుందిలే అనుకున్నా, తర్వాత ఓ చెంచా కారం, పిండి కాస్త పట్టుకోవాలని శనగపిండి, చివర్లో నూనెలో నాలుగు కరివేపాకు రెబ్బలు కూడా పడేశాను. మా రూమ్మేట్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "బావుందిరా, మా ఊళ్ళో సాయంత్రం బండి మీద ఇదే అమ్ముతారు" అన్నాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతయిందంటారే, అది. అయినా ప్లేటు ఖాళీ అయింది, అది వేరే సంగతి.

రెండోసారి మసాలాలన్నీ అల్మారాలో పెట్టి తలుపేశాను. ఈసారి తప్పు మాంసం దగ్గర జరిగింది. మన దగ్గర చికెన్ షాపువాడు "స్కిన్‌లెస్సా, విత్ స్కిన్నా?" అని అడిగితే ఆలోచించకుండా స్కిన్‌లెస్ అనే అలవాటు కదా, ఆ అలవాటుతోనే తోలు ఒలిచేసిన రొమ్ము ముక్కలు తెచ్చాను. వేయించాక పీచులా తయారైంది. దీనికి తొడ మాంసమే కావాలి. ఇక్కడ 'మోమో' అంటారు (మనం ఆవిరి మీద ఉడికించి తినే మోమోలు కాదు!), ఎముక తీసేసి తోలుతోనే అమ్ముతారు. ఆ తోలు తియ్యకూడదు. కరకరలో సగం దాని చలవే.

మూడోసారి ఇంకో తెలివితేటలు. రాత్రే నానబెడితే బాగా పడుతుందని, మనం బిర్యానీకి పెట్టినట్టు ఫ్రిజ్‌లో పెట్టేశాను. సోయా సాస్ అంటేనే ఉప్పు, రాత్రంతా అందులో ఉంటే ముక్క ఏమవుతుంది? ఉప్పు కషాయం. అరగంట చాలు.

నాలుగోసారి కుదిరింది, కాబట్టి కొలతలు చెప్తున్నా. అర కిలో తొడ మాంసం, ముక్కలు చిన్న నిమ్మకాయంత ఉండాలి. రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్ స్పూన్ సాకే (అవును, బియ్యంతో చేసే మద్యమే, నీచు వాసన తగ్గడానికి వేస్తారు), అంగుళం అల్లం తురుము, ఒక వెల్లుల్లి రెబ్బ. అరగంటయ్యాక తడి కాస్త వంపేసి, సరిగ్గా నూనెలో వేసే ముందు మాత్రమే కతకురికోలో, అంటే బంగాళాదుంపల స్టార్చ్‌లో, దొర్లించాలి. జారుగా కలిపే పిండి కాదు, పొడిపొడిగా ముగ్గు పడ్డట్టు తెల్లగా ఉండాలి. ఈ స్టార్చ్ వల్లే చల్లారాక కూడా పైపొర అంత తొందరగా మెత్తబడదు. ఇక్కడివాళ్ళు మధ్యాహ్నం బెంటో డబ్బాలో చల్లటి కరాగే పెట్టుకుని తినేస్తుంటారు కదా, అది నాకు మొదట్లో వింతగా ఉండేది.

అసలు గుట్టు రెండుసార్లు వేయించడంలో ఉంది. మొదట 160 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు వేయించి తీసేసి, నాలుగు నిమిషాలు అలా వదిలెయ్యాలి. ఆ ఖాళీలో పైనున్న వేడి లోపలికి పాకి మధ్యభాగం ఉడుకుతుంది, లోపలి తేమ పైకొస్తుంది. తర్వాత మంట పెంచి 190 దగ్గర ఒక్క నిమిషం వేస్తే ఆ తేమంతా ఎగిరిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఒక ముక్క కోసి చూడండి, లోపల గులాబీరంగు ఉంటే ఇంకాస్త వేయించాలి. థర్మామీటర్ లేకపోతే చెక్క చాప్‌స్టిక్ నూనెలో ముంచండి, కొస నుంచి నెమ్మదిగా చిన్న బుడగలొస్తే మొదటి విడతకి సరిపోతుంది, గబగబా పొంగితే రెండో విడతకి. నాది ఒంటి పొయ్యి కిచెన్, ఒకేసారి అయిదారు ముక్కలకంటే ఎక్కువ వెయ్యను, కుక్కేస్తే నూనె చల్లబడి ముక్కలు జిడ్డోడతాయి.

మన దేశంలో చేసేవాళ్ళకి, ఆ స్టార్చ్ దొరక్కపోతే కార్న్‌ఫ్లోర్ వాడండి, దగ్గరగానే వస్తుంది. డార్క్ సోయా సాస్ మాత్రం వద్దు, ముక్కలు నల్లబడిపోతాయి. సాకే లేకపోతే మానెయ్యండి.

నిమ్మచెక్క పక్కన పెడతారు. అందరూ కలిసి తినే ప్లేటు మీద అడక్కుండా పిండేస్తే ఇక్కడ కొందరికి మహా చిరాకు. నాకు తెలియక ఆఫీసువాళ్ళతో వెళ్ళినప్పుడు ప్లేటంతా పిండేశాను. ఎవరూ ఏమనలేదు, కానీ ఒకాయన చాప్‌స్టిక్స్ గాల్లోనే ఆగిపోయాయి.

మిగిలిన నూనెలో కలిపితే గడ్డకట్టించే పొడి ఇక్కడ అమ్ముతారు, చల్లారాక అట్టులా తీసి చెత్తలో వేసెయ్యడమే. నేను కొన్నాను కూడా. ప్యాకెట్ ఇంకా విప్పలేదు, ఆ నూనె వడకట్టి మర్నాడు బంగాళాదుంప వేపుడుకి వాడేశాను.