కారు షెడ్డు కట్టించే ముందు

"పదడుగుల వెడల్పు చాలు సార్" అంటాడు మేస్త్రి. కారు పడుతుంది, తలుపు మాత్రం సరిగ్గా తెరుచుకోదు. లోపలి కొలత 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉండాలి. రోలింగ్ షట్టర్ పెట్టేటట్టయితే దాని చుట్టకి పైన అడుగున్నర వదలమని లింటెల్ (ద్వారం పైన వేసే కాంక్రీటు దూలం) వేయకముందే చెప్పాలి.

అసలు గొడవంతా నేల దగ్గరే. మట్టి ఒకేసారి రెండడుగులు పోసి, పైన నాలుగు బిందెల నీళ్లు చల్లి "దిమ్మిస కొట్టేశాం" అంటారు. ఒక వానాకాలం దాటితే టైర్ల కింద కుంగుతుంది. ఆరంగుళాల పొర పోయాలి, తడపాలి, దిమ్మిస కొట్టాలి, మళ్లీ ఇంకో పొర. దానిపైన 4 అంగుళాల బెడ్డు (సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో కలిపిన అడుగు కాంక్రీటు), ఆపైన 8 ఎంఎం కడ్డీలు 8 అంగుళాలకొకటి కట్టి 5 అంగుళాల ఎం20 (బలాన్ని బట్టి పెట్టిన గ్రేడు) కాంక్రీటు. కడ్డీల కింద కవర్ బిళ్లలు (కడ్డీని బెడ్డు మీద నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) ఉన్నాయో లేదో వంగి చూడండి. బెడ్డుకి అంటుకుపోయిన కడ్డీ ఉన్నా లేనట్టే. పార్కింగ్ టైల్స్‌ని నాణెంతో కొట్టండి. డొల్ల చప్పుడొస్తే కింద సిమెంటు నిండలేదు, కారెక్కితే విరుగుతుంది.

పైకప్పు స్లాబు కింద ఆసరాగా నిలబెట్టిన జాకీలు వేరే సైటుకి కావాలని ముందే పీకేస్తారు. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) ప్రకారం 4.5 మీటర్లలోపు స్పాన్‌కి (ఆధారాల మధ్య దూరానికి) కనీసం 7 రోజులు, దాటితే 14. అదీ ఓపీసీకి (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి). పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) అయితే ఇంకా ఆగాలి.

అడ్వాన్సు పది శాతం చాలు, మిగతాది పని చూసి విడతలుగా. చదరపు అడుగు రేటులో సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు పని), ర్యాంపు ఉన్నాయా అన్నది కాగితం మీద రాయించుకోండి. ర్యాంపు దగ్గరే ఎక్కువగా "అది ఎక్స్‌ట్రా సార్" అంటారు.